హరికేన్ కిట్ కొన్నవారందరికీ: కుడి రెక్క పని ఆపండి

నమస్కారం.

నా దగ్గర 1:8 హరికేన్ కిట్ (రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధ విమానానికి ఎనిమిదో వంతు నమూనాను కట్టి ఎగరేసే ముక్కల పెట్టె) కొన్న ప్రతి ఒక్కరికీ ఈ ఉత్తరం. ముందుగా అసలు విషయం చెబుతాను. మీ పెట్టె మూత లోపలి వైపు 1 నుంచి 38 వరకు ఏ సంఖ్య ఉన్నా, కుడి రెక్క బయటి భాగం పని ఇక్కడితో ఆపండి. ఇప్పటికే కట్టి ఎగరేస్తున్నవారు రెక్క సరిచేసేదాకా విమానాన్ని నేల మీదే ఉంచండి. ఆ రెక్కలోని రిబ్బులను, అంటే రెక్కకు ఆకారమిచ్చే అడ్డ ముక్కలను, నేను తప్పుగా కోసి పంపాను. సరిచేయడానికి కావలసినవి నా ఖర్చుతోనే అందరికీ పంపుతున్నాను.

ఈ తప్పు బయటపడిన తీరు కూడా చెప్పాలి, ఎందుకంటే అందులో నేను ఒకరికి క్షమాపణ బాకీ ఉన్నాను. మొదట ఉత్తరం రాసిన మిత్రుడు, విమానం తిన్నగా ఎగరాలంటే ఐలెరాన్ (విమానాన్ని పక్కకు ఒరిగించే, రెక్క వెనక అంచులోని కదిలే పలక) ట్రిమ్, అంటే దాని స్థిరమైన సర్దుబాటు, కుడివైపు చాలా ఇవ్వవలసి వస్తోందని చెప్పారు. మీరు రెక్క కట్టిన బల్ల సమంగా ఉందో లేదో చూసుకోండని జవాబిచ్చాను. ఆయన బల్ల చక్కగానే ఉంది. ఆ తరువాత రెండో ఉత్తరం వచ్చింది. దిగడానికి వేగం తగ్గించగానే కుడి రెక్క ఒక్కసారిగా కిందికి పడిపోయిందని, విమానం ముక్కలైందని అందులో ఉంది. మూడో ఉత్తరంలో ఈ రెండు లక్షణాలూ ఒకే విమానానికి ఉన్నాయి. మామూలుగా ఎగిరేటప్పుడు ఎడమకు ఒరుగుతుంది, నెమ్మదించినప్పుడు కుడికి పడుతుంది. చూడటానికి పొంతన లేనట్టుండే ఈ రెండింటికీ కారణం ఒకటే కావాలంటే, కుడి రెక్క చివర ఎడమ రెక్క చివర కంటే ఎక్కువ కోణంలో గాలికి ఎదురుగా ఉండాలి. ఆ రాత్రే అమ్మకానికి ఉంచిన పెట్టె ఒకటి విప్పి, రిబ్బులు బయటికి తీసి స్కేలు పెట్టి కొలిచాను.

ఈ పనికి కొత్తగా వచ్చినవారి కోసం కొంచెం వివరంగా రాస్తాను. యుద్ధ విమానాల రెక్కలు చివరికి వెళ్లేకొద్దీ సన్నబడతాయి. మన హరికేన్ రెక్క దేహాన్ని కలిసే మొదలు దగ్గర దాదాపు 300 మి.మీ. వెడల్పు ఉండి, చివర 160 మి.మీ.కు వస్తుంది. చిన్న కొలతలో అంత సన్నటి చివర, రెక్కను ఎత్తి ఉంచే గాలి తొందరగా పట్టు తప్పుతుంది. అందుకని ఆ చివరను 2 డిగ్రీలు మెలి తిప్పి, ముందు అంచు కిందికి, వెనక అంచు పైకి ఉండేలా కడతాం. దీన్నే వాషౌట్ అంటారు. అలా కట్టిన రెక్కలో వేగం తగ్గినప్పుడు మొదలు భాగం ముందు పట్టు వదులుతుంది, చివర ఇంకా ఎగురుతూనే ఉంటుంది. ఐలెరాన్లు ఉండేది ఆ చివరనే కాబట్టి విమానం మన చేతిలోనే ఉంటుంది. 160 మి.మీ. వెడల్పు మీద 2 డిగ్రీలంటే 5.6 మి.మీ. ఎత్తు. అంతే! మూడు కిలోల విమానం నేలకు తిన్నగా దిగుతుందా, కూలుతుందా అన్నది తేల్చేది ఈ చిన్న కొలతే.

మెలి సరిగ్గా రావడానికి మన రిబ్బుల అడుగున చిన్న కాళ్లు ఉంటాయి. వాటిని ప్లాన్ కాగితం పరిచిన బల్ల మీద నిలబెట్టి రెక్క కట్టి, చివరికి ఆ కాళ్లు కోసేస్తాం. 6వ రిబ్బు నుంచి 12వ రిబ్బు వరకు వెనక కాలు క్రమంగా పొడవు పెరుగుతూ, 12 దగ్గర 5.6 మి.మీ. అదనంగా ఉండాలి. ఎడమ రెక్కలో అలాగే ఉంది. కుడి రెక్కలో వెనక కాళ్లన్నీ ఒకే పొడవు. అంటే ఒక రెక్కకు వాషౌట్ ఉంది, రెండో దానికి లేదు. రెండింటికీ లేకపోయినా ఇంతకంటే మేలుగా ఉండేది.

ఇలా ఎలా జరిగిందని మీరు అడగాలి. నమూనా విమానానికి రిబ్బులన్నీ నేను చేత్తో కోశాను, వెనక అంచు కింద బద్ద పెట్టి మెలి తెచ్చాను. అది ఇప్పటికీ పావురంలా దిగుతుంది. కిట్‌గా మార్చేటప్పుడు ఆ మెలిని కాళ్ల రూపంలో ఫైల్లో గీశాను. ఎడమ రెక్కకు కొత్త ఫైలు, కుడి రెక్కకు కాళ్లు మార్చక ముందటి పాత ఫైలు లేజర్ యంత్రానికి వెళ్లాయి. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, ఇక్కడ పంచుకోవడానికి మరొకరు లేరు. ఫైలు నాది, పంపిన చెయ్యి నాది. అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. అమ్మకానికి సిద్ధమైన పెట్టెల్లోంచి ఒకదాన్ని తీసి, మీలాగే మొదటి ముక్క నుంచి కట్టి, ఎగరేసి చూడలేదు. నమూనా బాగా ఎగిరిందన్న ధీమాతో పెట్టెలు మూసేశాను. మొదటి మిత్రుడి బల్లను అనుమానించడం కూడా ఆ ధీమా వల్లే. ఆయనకు ఇప్పటికే విడిగా రాశాను, మీ అందరి ఎదుట మళ్లీ చెబుతున్నాను: క్షమించండి.

ఇక మీ రెక్క ఏ దశలో ఉందో చూసుకోండి.

ముక్కలు ఇంకా అతికించకపోతే కష్టం ఏమీ లేదు. కుడి రెక్క 6 నుంచి 12 వరకు ఉన్న రిబ్బులను పక్కన పెట్టి, కొత్తవి వచ్చాక మొదలుపెట్టండి. ఈలోగా తోక, దేహం పని చేసుకోవచ్చు.

రిబ్బులు, స్పార్ (రెక్క పొడవునా ఉండే దూలం) అతికించి, పైన బల్సా (చాలా తేలికైన చెక్క) పలక ఇంకా వేయకపోతే కొత్త రిబ్బులు అవసరం లేదు. మీకు ఒక చీలిక బద్ద పంపుతాను. దాని మందం ఒక చివర సున్నా, మరో చివర 5.6 మి.మీ. ఉంటుంది. 6వ రిబ్బు నుంచి చివరిదాకా వెనక అంచు కింద దాన్ని జరిపి, పిన్నులతో బిగించి, పైన బరువు పెట్టి అప్పుడు పలక అతికించండి. పలక పడేదాకా రెక్క సులువుగా మెలి తిరుగుతుంది. పలక ఆరాక ముందు భాగం మూసిన పెట్టెలా బిగుసుకుని, ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే నిలిచిపోతుంది. ఈ ఒక్క చోట సైనో జిగురు వాడకండి. అది సర్దుకునే వ్యవధి ఇవ్వదు. చెక్కకు వాడే తెల్ల జిగురు రాసి, రాత్రంతా బల్ల మీద కదపకుండా వదిలేయండి.

పలక కూడా వేసేసినవారి పని కష్టం. రెక్క అడుగున స్పార్ వెంట పలకను 6వ రిబ్బు నుంచి చివరిదాకా చీలిస్తే ఆ బిగువు వదులుతుంది. మెలి తిప్పి, చీలిక బద్ద మీద కూర్చోబెట్టి, చీలిన చోట సన్నని బల్సా పట్టీ అతికించాలి. మీకు చెప్పే ముందు నేను రెండు రెక్కల మీద ఇదే చేసి చూశాను. ఒకటి సరిగ్గా వచ్చింది. రెండోది బల్ల మీంచి తీశాక కొంత వెనక్కి పోయి, 4 మి.మీ. దగ్గర ఆగింది. కాబట్టి ఇది చేయగలమన్న నమ్మకం ఉన్నవారే చేయండి. లేనివారు అడిగితే కొత్త రెక్క ముక్కలన్నీ పంపుతాను.

పైన ఫిల్మ్ (ఇస్త్రీ వేడికి అతుక్కునే ప్లాస్టిక్ పొర) వేసి, రంగులద్దినవారికి కట్టి సిద్ధం చేసిన కుడి రెక్క బయటి భాగాన్నే పంపుతాను. ఒక్కొక్కటి కట్టడానికి నాకు నాలుగు రోజులు పడుతుంది, అందుకని వంతుల వారీగా వస్తాయి. మీరు వేసిన పచ్చ, గోధుమ పట్టీల రంగు కొత్త రెక్క మీద అచ్చంగా కలవకపోవచ్చు. ఆ శ్రమను నేను తిరిగి ఇవ్వలేను, అది నన్ను బాధిస్తోంది. ఫిల్మ్‌ను ఇస్త్రీతో వేడి చేస్తూ మెలి పెట్టవచ్చు కదా అని ఇద్దరు అడిగారు. పలక లేకుండా ఫిల్మ్ మాత్రమే ఉన్న రెక్కకు ఆ పద్ధతి పనికొస్తుంది. మన రెక్క ముందు భాగమంతా పలకే, వేడి తగ్గగానే అది మళ్లీ తిన్నగా వచ్చేస్తుంది.

విమానం కూలిపోయినవారికి కిట్ మొత్తం మళ్లీ పంపుతాను. విరిగిన మోటారు, సర్వోలు (ఐలెరాన్ల వంటివాటిని కదిపే చిన్న మోటార్లు), బ్యాటరీ నష్టం కూడా నాదే. ఇప్పటిదాకా కూలకుండా ఎగరేసినవారు తమ అదృష్టాన్ని ఇంకోసారి పరీక్షించకండి. ఈ విమానం గంటకు సుమారు 40 కిలోమీటర్ల వేగం దగ్గర పట్టు తప్పుతుంది, అది సరిగ్గా నేలకు దగ్గరగా ఉండే వేళ. కుడి రెక్క పడగానే చెయ్యి తనంతట తాను ఐలెరాన్‌ను ఎడమకు తిప్పుతుంది. అప్పుడు కుడి ఐలెరాన్ కిందికి దిగి, ఇప్పటికే పట్టు తప్పిన చివర కోణాన్ని ఇంకా పెంచుతుంది. ఎంత అనుభవం ఉన్నవారికైనా ఆ ఎత్తులో దాన్ని సరిదిద్దే వ్యవధి ఉండదు.

ఇంకో ఫిర్యాదు కూడా నిజమే. కట్టే విధానం రాసిన నా పుస్తకంలో, విమానం తూకం కుదరడానికి ముక్కులో 90 గ్రాముల సీసం చాలని రాశాను. 25 తరువాత పెట్టెలు కొన్నవారిలో కొందరికి అంతకు రెట్టింపు పట్టింది. హరికేన్ ముక్కు పొట్టిది, తోక దూరం. అసలు విమానంలో ఆ ముక్కులో బరువైన మెర్లిన్ ఇంజను ఉండేది, మనకు ఉన్నది పిడికెడు మోటారు. తోకలో 10 గ్రాములు పెరిగితే ముక్కులో 25 నుంచి 30 గ్రాములు పెట్టాలి. ఆ పెట్టెల్లో తోకకు బరువైన బల్సా వెళ్లింది.

బల్సా విషయంలో బయటి కంటిని నమ్మకూడదు. 3 మి.మీ. మందం, 100 మి.మీ. వెడల్పు, మీటరు పొడవున్న పలక ఒకటి 30 గ్రాములు తూగితే, పక్కనే అచ్చం అలాగే ఉన్నది 60 గ్రాములు తూగుతుంది. బల్సాలో ఎక్కువ భాగం ఈక్వడార్ నుంచి వస్తుంది. గాలిమరల రెక్కల లోపల కూడా ఈ చెక్కే వాడతారు. 2020 ప్రాంతంలో ఆ గిరాకీ పెరిగి, మా వంటి చిన్నవారికి మంచి చెక్క దొరకడమే కష్టమైంది. అప్పటి నుంచి వచ్చిన సరుకును ఏరుకోకుండా తీసుకోవడం అలవాటైపోయింది. ఇప్పుడు ప్రతి పలకనూ తూచి, అంచు మీద పెన్సిలుతో బరువు రాస్తున్నాను. తేలికవి తోకకు, బరువైనవి ముక్కు వైపు ఫార్మర్లకు, అంటే దేహానికి ఆకారమిచ్చే అడ్డ చట్రాలకు. నార చూడటం కూడా మొదలుపెట్టాను. అడ్డంగా వంచితే సులువుగా వంగే పలక రెక్క ముందు అంచు చుట్టడానికి బాగుంటుంది, రిబ్బులకు పనికిరాదు. రిబ్బులకు మచ్చలు మచ్చలుగా మెరిసే, వంగని పలకే కావాలి. కొత్త కుడి రిబ్బులన్నీ అలాంటి వాటిలోంచే కోస్తున్నాను. తోక బరువెక్కినవారు రాస్తే తేలిక చెక్కతో తోక ముక్కలు కూడా అదే పొట్లంలో పెడతాను.

ఇన్ని తప్పుల మధ్య ఈ విమానం మీద నా ఇష్టం తగ్గలేదని కూడా చెప్పనివ్వండి. మొదటి యుద్ధ విమానం కిట్‌గా హరికేన్‌నే ఎంచుకున్నది, అసలు విమానమే చాలావరకు మన పద్ధతిలో కట్టింది కాబట్టి. 1935 నవంబరు 6న మొదటిసారి ఎగిరిన ఆ విమానంలో, దేహం వెనక సగం ఉక్కు గొట్టాల చట్రం మీద చెక్క ఫార్మర్లు, సన్న బద్దలు, వాటి మీద బట్ట. మీరు తోక వైపు బద్దలు ఒక్కొక్కటే అతికించి పైతొడుగు బిగించినప్పుడు కనిపించే ఆ గీతలు బొమ్మ కోసం పెట్టినవి కావు, అసలు విమానం మీద కూడా అలాగే కనిపించేవి. చక్రాల కాళ్లు లోపలికి ముడుచుకుంటాయి గనుక ఎడంగా నిలబడతాయి, గడ్డి మీద దిగినా తొందరగా ఒరగదు. 1944లో ఇంఫాల్ మీదుగా అర్జన్ సింగ్ నాయకత్వంలో భారత వాయుసేన 1వ స్క్వాడ్రన్ నడిపినవి ఈ హరికేన్లే. ఆ గుర్తులతో కట్టిన విమానం ఫొటో ఒకరు పంపారు, పనిచేసే బల్ల ఎదురుగా పెట్టుకున్నాను. దాని కుడి రెక్కనే మొట్టమొదట సరిచేస్తాను.

స్పిట్‌ఫైర్ (అదే కాలపు మరో బ్రిటిష్ యుద్ధ విమానం) కిట్ కోసం ముందుగా డబ్బు కట్టినవారికి: ఆ కిట్ ఇప్పుడు రాదు. దాని రెక్క అండాకారం, చివర ఇంకా సన్నం. 1:8లో 1.40 మీటర్ల ఆ రెక్కలో మెలి విషయంలో ఇలాంటి పొరపాటు జరిగితే ఫలితం ఇంతకంటే దారుణంగా ఉంటుంది. 38 హరికేన్ల లెక్క తీరాక, స్పిట్‌ఫైర్ పెట్టె ఒకటి మూసి, మళ్లీ విప్పి, నా పుస్తకంలో రాసినట్టే కట్టి, ఎగరేసి చూశాకే తేదీ చెబుతాను. డబ్బు వెనక్కి కావాలంటే ఒక్క మాట రాయండి, కారణం అడగను.

ఉత్తరంలో మీ పెట్టె సంఖ్య, పైన చెప్పిన దశల్లో ఏది, ముక్కులో ఎంత సీసం పెట్టారు, ఈ మూడూ రాస్తే చాలు. ముక్కలు ఇంకా అతికించనివారు కుడి రెక్క పాత రిబ్బులను మాత్రం పారేయకండి. కొత్తవి రాగానే రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి, 12వ రిబ్బు వెనక కాలు 5.6 మి.మీ. ఎక్కువ ఉందో లేదో మీరే కొలిచి చూసి, ఆ తరువాతే జిగురు తీయండి.