ఆదివారం సరే, మిగతా ఆరు రోజులో?

చిట్టితల్లీ,

వారమంతా కుర్చీకే అతుక్కుపోతున్నాననీ, ఆదివారం మూడు గంటలు జిమ్‌లో గడిపి ఆ బాకీ తీర్చేస్తున్నాననీ మొన్న ఫోనులో అన్నావు. ఆ చెమటను నేను తక్కువ చేయను. వ్యాయామమంతా వారంలో ఒకటి రెండు రోజుల్లోనే చేసేవాళ్లకు కూడా గుండెజబ్బుల ముప్పు తగ్గుతుందని పెద్ద పరిశోధనల్లో కనబడింది. నా దిగులంతా మిగతా ఆరు రోజుల గురించే. శరీరధర్మశాస్త్రం పాఠాలు చెబుతూ తల పండినవాణ్ని, కాస్త ఓపిక పట్టి చదువు.

రక్తనాళం లోపలి గోడకు ఒకే ఒక్క వరుస కణాల పొర ఉంటుంది. ఎండోథీలియం అంటారు. రక్తం ఒరుసుకుంటూ పారుతుంటే ఈ కణాలు ఆ ఒరిపిడిని పసిగట్టి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేస్తాయి. అది పక్కనున్న కండర పొరను సడలిస్తుంది, నాళం విప్పారుతుంది. ధమని ముక్కలకు ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం తగిలిస్తే, లోపలి పొర చెక్కుచెదరకుండా ఉన్నవే సడలుతున్నాయనీ, పొర గీసుకుపోయినవి సడలడం లేదనీ అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ఫర్చ్‌గాట్ 1980లో ప్రకటించాడు. కంటికి ఆనని పొర అంత నాళాన్నీ నడిపిస్తోంది! దాని వెనకున్నది నైట్రిక్ ఆక్సైడేనని తేలడానికి మరికొన్నేళ్లు పట్టింది. 1998లో ఆయనతో పాటు లూయీ ఇగ్నారోకు, ఫెరిద్ మురాద్‌కు నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈ పాఠం ఎన్నిసార్లు చెప్పినా నాకు ఒళ్లు పులకరించేది.

ఇక నీ కుర్చీ సంగతి. మోకాళ్లు మడిచి కదలకుండా కూర్చుంటే పిక్కల కండరాలకు పనుండదు. కాళ్లలో రక్తప్రవాహం మందగిస్తుంది, ఆ పొరకు అందాల్సిన ఒరిపిడి తగ్గిపోతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను మూడు గంటలు అలా కూర్చోబెట్టి పరీక్షిస్తే, తొడ ధమని విప్పారే శక్తి తగ్గింది. గంటకోసారి లేచి అయిదు నిమిషాలు నెమ్మదిగా నడిచినప్పుడు ఆ తగ్గుదల రాలేదు. పరుగెత్తనక్కర్లేదమ్మా, ఫోను మాట్లాడుతూ అటూ ఇటూ తిరిగినా చాలు. నువ్వు చేయగలిగిన పనుల్లో అన్నిటికంటే తేలికైనది ఇదే, అందుకే పట్టుబడుతున్నాను.

ఒక్క పూట వ్యాయామంతో తగ్గిన రక్తపోటు కొన్ని గంటలపాటే అలా ఉంటుంది. వారాల తరబడి సాధన చేస్తే నాళాల పనితీరు మెరుగుపడుతుంది, మానేస్తే కొన్ని వారాల్లోనే ఆ మెరుగు కరిగిపోతుంది. కాబట్టి ఆదివారపు మూడు గంటల్ని విడగొట్టి, నాలుగైదు రోజులకు పంచుకో. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలనీ, కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చేవి చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నీ మూడు గంటలు ఆ లెక్కకు సరిపోతాయి.

బరువులు ఎత్తేటప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టకు, రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. పరుగు ఆపేముందు కాసేపు నడువు. ఉన్నట్టుండి ఆగితే రక్తం కాళ్లలోనే నిలిచి కళ్లు తిరుగుతాయి.

మీ అత్తగారికి నడుస్తుంటే పిక్కలు పట్టేస్తున్నాయనీ, ఆగి నిలబడితే తగ్గిపోతోందనీ చెప్పావు. వయసు మీదపడిందిలే అని వదిలేయకండి. కాళ్ల ధమనులు పూడుకుపోతున్నప్పుడు కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది. చీలమండ దగ్గరా చేతి దగ్గరా రక్తపోటు కొలిచి పోల్చి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది, నొప్పి లేని పరీక్ష. ఒకవేళ అదే అయితే మందులతో పాటు, పర్యవేక్షణలో చేయించే నడక కూడా చికిత్సలో భాగమే. ముందు డాక్టరుకు చూపించండి, ఈ వారంలోనే. ఆయన ఏమన్నారో ఆ రోజే నాకు ఫోను చెయ్యి.

ఆశీస్సులతో,
నాన్న