కుంటకపోవడమే అసలు ప్రమాదం

ఎడిటర్ గారికి,

షుగర్ ఉన్నవాళ్లు రోజూ నడవాలని, పాదాలు శుభ్రంగా ఉంచుకోవాలని పత్రికల్లో తరచూ చదువుతుంటాం. రెండూ నిజమే. షుగర్ వల్ల పాదాల నరాలు దెబ్బతిన్నాక నడక తీరే మారిపోతుందన్న సంగతి మాత్రం ఎవరూ రాయరు. అరికాలి పుళ్లలో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

చెప్పు కరిస్తే ఎవరైనా కుంటుతారు. నొప్పి ఉన్నచోట బరువు పడకుండా పాదం తనను తాను కాపాడుకునే పద్ధతి అది. స్పర్శ పోయిన మనిషి కుంటడు, బొబ్బ మీదే తిన్నగా నడిచేస్తాడు. రోజుకు 5,000 అడుగులు వేస్తే, ఒక్కో పాదంలో అదే చోటు 2,500 సార్లు నలుగుతుంది.

ఆ నలుగుడు కూడా మామూలుది కాదు. నరాల అదుపు తప్పి పాదంలోని చిన్న కండరాలు సన్నబడతాయి. వేళ్లు పక్షి గోళ్లలా వంగుతాయి. వేళ్ల మొదట్లో ఎముకలు కిందికి పొడుచుకొస్తాయి, వాటి కింద మెత్తలా ఉండాల్సిన కొవ్వు ముందుకు జారిపోతుంది. ఏళ్ల తరబడి పెరిగిన చక్కెర కొల్లాజెన్ అనే ప్రొటీన్‌కు అంటుకుని మడమ వెనక స్నాయువు, కీళ్లు బిగుస్తాయి. చీలమండ సరిగా వంగక మడమ తొందరగా లేస్తుంది, బరువంతా పాదం ముందుభాగం మీద పడుతుంది. అక్కడ ఆనె కడుతుంది. దాన్ని రక్షణ అనుకుంటారు గానీ, అది చెప్పులో ఇరుక్కున్న గులకరాయి లాంటిదే. పైకి ఏమీ కనిపించకుండానే దాని కింద రక్తం గూడుకట్టి పుండవుతుంది. బ్లేడుతో సొంతంగా కోసుకోవడం, ఆనెకాయల మందు అంటించడం మరింత చేటు.

మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించుకునేవాళ్లలో చెప్పులు విప్పి చూపించుకునేవాళ్లు ఎందరు? మోనోఫిలమెంట్ అనే నైలాన్ పోగును, కళ్లు మూసుకున్న మనిషి అరికాలికి అది వంగేదాకా ఆనిస్తారు. అప్పుడు పడే ఒత్తిడి 10 గ్రాములు. అది తెలియకపోతే కాపాడే స్పర్శ పోయినట్టే. ఏడాదికొకసారైనా చేయాల్సిన పరీక్ష ఇది, రెండు నిమిషాలు చాలు.

బూట్ల విషయంలో ఒక చిక్కుంది. బిగుతుగా ఉంటేనే కాలికి తెలుస్తుంది కాబట్టి, స్పర్శ తగ్గినవాళ్లు తమకు తెలియకుండానే చిన్న సైజు ఎంచుకుంటారు. నిలబడి పాదం కొలిపించుకోవాలి. బూటు లోపలి పొడవు పాదం కంటే 1–2 సెంటీమీటర్లు ఎక్కువుండాలి, వంగిన వేళ్లకు పైన జాగా ఉండాలి. ఇన్‌సోల్ (బూటు లోపలి అట్ట) బయటికి తీసి దానిమీద నిలబడితే, అంచులు దాటే చోటు కంటికే కనిపిస్తుంది.

పుండు పడ్డాక కట్టు మార్చుకుంటూ అదే నడక నడిస్తే మానదు. ఆ చోట బరువు తప్పించాలి. తీసేందుకు వీల్లేని గట్టి కట్టు (కాస్ట్) మోకాలి దాకా వేసేది ఇందుకే, తీసే వీలుంటే ఇంట్లో తీసేసి తిరుగుతారు.

ఒక్క పాదమే ఎర్రగా వాచి, రెండోదానికంటే 2 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ వేడిగా ఉంటే, నొప్పి అంతగా లేకపోయినా షార్కో పాదం (స్పర్శ పోయిన పాదంలో ఎముకలు, కీళ్లు దెబ్బతినే జబ్బు) ఏమోనని అనుమానించాలి. లోపల ఎముకలు విరుగుతూ ఉండొచ్చు, తొలి రోజుల ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. కాదని తేలేదాకా ఆ కాలు నేల మీద మోపకూడదు.

– ఓ ఫిజియోథెరపిస్టు