కోరస్ తరంగాలూ, మీ గ్రహాంతరవాసులూ

సంపాదకుడు గారికి,

అంతరిక్షంలో పక్షుల కిలకిలలు వినిపించాయంటూ మీరు వేసిన వార్త గురించి రాస్తున్నాను. అది వచ్చి పది రోజులు దాటింది. సవరణ ఏదైనా వేస్తారేమోనని ఆగాను. వేయలేదు సరికదా, ఆదివారం అనుబంధంలో అదే ముక్కని ‘గ్రహాంతరవాసుల పిలుపా?’ అంటూ ఇంకా పెద్ద అక్షరాల్లో అచ్చేశారు. పక్కన పెద్ద కళ్ల ఆకుపచ్చ జీవి బొమ్మ ఒకటి!

శూన్యంలో శబ్దం ప్రయాణించదని హైస్కూలు పుస్తకంలోనే ఉంటుంది. మీ డెస్కులో ఒక్కరికీ గుర్తు రాలేదా? ఉపగ్రహాలు పట్టుకున్నది శబ్దాన్ని కాదు, విద్యుదయస్కాంత తరంగాలను. భూమి అయస్కాంత ఆవరణంలో, అంటే అంతరిక్షంలో భూమి అయస్కాంత బలం పనిచేసే మేరలో, తిరిగే ఎలక్ట్రాన్లు తమ శక్తిలో కొంత ఈ తరంగాలకు ఇస్తాయి. భూమికి దగ్గరలో వీటి పౌనఃపున్యం కొన్ని వందల హెర్ట్‌జ్ నుంచి కొన్ని వేల దాకా ఉంటుంది. మన చెవికి వినపడే పరిధిలోనే ఉంది కాబట్టి ఆ సిగ్నల్‌ని స్పీకరుకి కలిపితే తెల్లవారుజామున పిట్టలు కూసినట్టు ఉంటుంది. అందుకే వీటిని కోరస్ తరంగాలు అంటారు. రేడియో ఆపరేటర్లకు ఇది దశాబ్దాలుగా తెలిసిన సంగతి. నిజంగా ఎవరైనా పిలుస్తూ ఉంటే ఈపాటికి విసుగెత్తి మానేసేవాళ్లు.

మరి ఇందులో కొత్తేమిటి? ఆ ఆవరణాన్ని పరిశీలించడానికి 2015లో నాసా పంపిన ఎంఎంఎస్ అనే నాలుగు ఉపగ్రహాల డేటాలో ఈ తరంగాలు భూమికి 1,60,000 కిలోమీటర్లకు పైగా దూరంలో కనిపించాయి. భూమి దగ్గర అయస్కాంత క్షేత్రం మామూలు కడ్డీ అయస్కాంతం చుట్టూ ఉన్నట్టే ఉంటుంది. కోరస్ పుట్టడానికి ఆ ఆకారం అవసరమని ఇన్నాళ్లూ ఒక వాదన ఉండేది. అంత దూరంలో, రాత్రి వైపున, సూర్యుడి నుంచి వచ్చే విద్యుదావేశ కణాల ప్రవాహం (సౌర పవనం) ధాటికి ఆ క్షేత్రం తోకలా సాగిపోయి ఉంటుంది. ఆ ఆకారం లేని చోట కూడా కోరస్ దొరికింది. బీజింగ్‌లోని బైహాంగ్ విశ్వవిద్యాలయం పరిశోధకుల నాయకత్వంలో రాసిన ఈ వ్యాసం 2025 జనవరిలో నేచర్ పత్రికలో వచ్చింది. ఒక పాత సిద్ధాంతం ఇరకాటంలో పడింది, అదీ వార్త. మీ వార్తలో ఆ ఒక్క ముక్క తప్ప అన్నీ ఉన్నాయి.

ఇదంతా మనకెందుకు అనుకోవద్దు. భూమి అయస్కాంత క్షేత్రంలో చిక్కుకున్న కణాలతో నిండిన రేడియేషన్ పట్టీలు భూమి చుట్టూ ఉన్నాయి. వాటిలో కొన్ని ఎలక్ట్రాన్లను తిరిగి దాదాపు కాంతి వేగానికి తరిమేవాటిలో ఈ తరంగాలదే పెద్ద చెయ్యి. 2012 నుంచి 2019 దాకా పనిచేసిన నాసా జంట ఉపగ్రహాలు వాన్ అలెన్ ప్రోబ్స్ ఆ సంగతి దగ్గరుండి చూశాయి. 1994 జనవరిలో కెనడా వారి అనిక్ సమాచార ఉపగ్రహాలు రెండు ఒకే రోజు మొరాయించాయి. అలాంటి ఎలక్ట్రాన్ల దెబ్బే కారణమని నిపుణులు చెప్పారు. మన ఇన్‌శాట్‌లూ జీశాట్‌లూ 36,000 కిలోమీటర్ల ఎత్తున ఆ పట్టీల్లోనే తిరుగుతున్నాయి. శ్రీహరికోటలో రాకెట్ లేచిన ప్రతిసారీ మొదటి పేజీ నిండా జెండాలు వేస్తారు. పైకి వెళ్లాక ఆ ఉపగ్రహం దేన్ని తట్టుకుని బతుకుతుందో మాత్రం ఏ పేజీలోనూ ఉండదు.

మిమ్మల్నే అని ఏం లాభం లెండి. ‘ఈ రాత్రి కాస్మిక్ కిరణాలు భూమికి దగ్గరగా వెళ్తున్నాయి, ఫోన్లు ఆపేయండి’ అనే ఏళ్లనాటి వాట్సాప్ పుకారుని మా ఊళ్లో ఒక అధికారి గారే గ్రూపులో పెట్టారు. కింద వరసగా నమస్కారాలు! ప్రభుత్వ కాలేజీల్లో ఫిజిక్స్ ల్యాబులకి తాళాలు, ప్రాక్టికల్స్ అన్నీ రికార్డు పుస్తకాల్లోనే. ఇంక పిల్లలు ఎవరిని అడుగుతారు? రాశిఫలాలకు మాత్రం రోజూ చోటు దొరుకుతుంది, అదేం చిత్రమో.

అన్నట్టు, ఎంఎంఎస్ డేటాను ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. చైనా వాళ్లు అమెరికా ఉపగ్రహాల డేటాతోనే నేచర్ దాకా వెళ్లారు. ఒక కంప్యూటరూ, దారి చూపే మాస్టారూ ఉంటే మన డిగ్రీ పిల్లలూ చూడగలరు. ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవం వస్తోంది. మంత్రి గారి సందేశం, ఫొటోతో సహా ఎలాగూ వేస్తారు. ఆ ఫొటో కొంచెం చిన్నది చేసి, ఈ డేటా ఎక్కడ దొరుకుతుందో రెండు వాక్యాలు వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్,
తెనాలి