కార్డు అంటగట్టినప్పుడే బిల్లు ఎక్కడ కట్టాలో చెప్పరా?

సంపాదకుడు గారికి,

పండగ బట్టలకో ఫ్రిజ్‌కో ఒడిశాలోని మా పర్లాకిమిడి వాళ్లం పాతపట్నం దాటి శ్రీకాకుళం, విశాఖ వెళ్తుంటాం. అక్కడి పెద్ద షాపుల్లో డబ్బు కట్టే చోటే ఒక కుర్రాడు నిలబడి, ‘మా షాపు కార్డు తీసుకోండి, ఇప్పుడే డిస్కౌంట్’ అని వెంటపడతాడు. నెల తిరిగాక బిల్లు ఎక్కడ కట్టాలో మాత్రం చెప్పడు.

అది క్రెడిట్ కార్డు. దాని మీద షాపు పేరున్నా అప్పిచ్చేది బ్యాంకు. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం కార్డును ప్రచారం చేసి జనానికి పంచడం, కార్డుదారులకు తన సరుకులు, సేవలు అందించడం వరకే షాపు పని. ఇది తెలియక మా వీధి పెద్దాయన ఒకరు గడువు రోజున నగదు పట్టుకుని విశాఖ షాపుకే వెళ్లారు. ‘ఇక్కడ తీసుకోమండీ’ అన్నారట. తిరుగు బస్సులో ఆయనకు ఒకటే టెన్షన్. గడువు దాటి 3 రోజులు మించితేనే లేటు ఫీజు వేయాలని అవే నిబంధనలు చెబుతున్నాయి. ఆ మాటైనా ఆయనకు చెప్పినవాళ్లు లేరు.

ఈ బిల్లును ఫోన్ యాప్‌లలో ‘భారత్ బిల్ పేమెంట్’ అనే బిల్లుల చెల్లింపు వ్యవస్థ ద్వారా కట్టవచ్చు. అక్కడ వెతకాల్సింది షాపు పేరు కాదు, కార్డు ఇచ్చిన బ్యాంకు పేరు. మన బ్యాంకు ఖాతా నుంచి నెఫ్ట్ పద్ధతిలో డబ్బు పంపినా చాలా బ్యాంకులు తీసుకుంటాయి. బ్యాంకు శాఖలో నగదు కడితే చాలాచోట్ల విడిగా చార్జీ ఉంటుంది, పైగా ఆ బ్యాంకు శాఖ మన ఊళ్లో ఉండాలి కదా! మొబైల్ షాపులో డబ్బిచ్చి కట్టించేవాళ్లు రసీదు నంబరు తీసుకోకుండా కదలకూడదు.

ఖాతా నుంచి బిల్లు దానంతటదే కట్టయ్యే ఆటో డెబిట్ పెట్టుకునేవాళ్లు ‘మినిమం డ్యూ’ (కనీసం కట్టాల్సిన కొంత మొత్తం) కాకుండా మొత్తం బిల్లు కట్టేలా ఎంచుకోవాలి. మినిమం కడితే లేటు ఫీజు తప్పుతుందేమో గానీ మిగిలిన బాకీ మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువూ పోతుంది. చాలా కార్డుల మీద ఆ వడ్డీ నెలకు నూటికి మూడు రూపాయల పైమాటే. ఊళ్లో రెండు రూపాయల వడ్డీ అంటేనే బేరమాడే మనం దీన్ని చూడకుండానే సంతకం పెడుతున్నాం.

షరతులు ఇంగ్లిష్, హిందీ, స్థానిక భాషల్లో ఉంటే మేలని రిజర్వ్ బ్యాంకు అంటోంది. ఒడిశా చిరునామా ఉన్నవాళ్లకు స్థానిక భాష అంటే ఒడియా. తెలుగు మాత్రమే చదవగల మా పెద్దల సంగతేమిటి? దరఖాస్తులోనే ఏ భాష కావాలో బ్యాంకులు అడగాలి. కార్డు ఏ బ్యాంకుదో, బిల్లు ఎలా కట్టాలో, నగదుకు చార్జీ ఎంతో తెలుగులో అచ్చు వేసిన కాగితం షాపులవాళ్లు కార్డు అమ్మేచోటే ఇవ్వాలి. దసరా అమ్మకాలు మొదలయ్యేలోపే ఈ పని చేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా