శీనుగాడికి, హంగు లెక్క సంగతి

లండన్,
6 మే 2015, బుధవారం రాత్రి

ఒరేయ్ శీనూ,

"ఎవడొస్తాడో ఒక్క ముక్కలో చెప్పు" అని ఫోన్ పెట్టేశావు. ఒక్క ముక్కలో తేలేదైతే ఈ కాయితాలు ఖరాబు చెయ్యడం ఎందుకురా?

రేపు ఇక్కడ బ్రిటన్ పార్లమెంటు ఎన్నికలు. మొత్తం 650 సీట్లు. సగం దాటాలంటే 326, ఎవరికీ అన్ని రాకపోతే దాన్నే హంగు సభ అంటారు. కానీ ఉత్తర ఐర్లాండులో షిన్ ఫేన్ పార్టీవాళ్ళు గెలిచినా సభకి రారు, రాణిగారికి విధేయులమని ప్రమాణం చెయ్యం అంటారు. అందుకని వాళ్ళని తీసేస్తే 323 ఉన్నా బండి నడుస్తుంది. సర్వేల్లో ఇప్పటి ప్రధాని, టోరీల (కన్సర్వేటివ్ పార్టీ) కామెరాన్‌కీ, లేబర్ పార్టీ నాయకుడు మిలిబాండ్‌కీ మధ్య ఒక శాతం తేడా, కొన్నింట్లో అదీ లేదు.

అసలు మజా స్కాట్లండులో ఉంది. అక్కడి 59 సీట్లలో పోయినసారి లేబర్‌కి 41, స్కాట్లండు వేరుపడాలనే స్కాటిష్ నేషనల్ పార్టీకి (ఎస్‌ఎన్‌పీ) 6. పోయిన సెప్టెంబరులో బ్రిటన్ నుంచి విడిపోదామా అని అక్కడ ఓటు పెడితే 55 శాతం వద్దన్నారు. ఇప్పుడు చూడు, ఓడిన ఆ 45 శాతం ఎస్‌ఎన్‌పీ వెనక గుంపుకట్టింది, గెలిచినవాళ్ళు మూడు పార్టీలుగా చీలి కూర్చున్నారు. మనకి అంటగట్టిన పద్ధతే కదా, అందరికంటే ఒక్క ఓటు ఎక్కువొచ్చినవాడిదే సీటు. అంచేత లేబర్‌కి అక్కడ ఊడ్చుకుపోవడమే. టోరీలైతే ఎస్‌ఎన్‌పీ మాజీ నాయకుడు సాల్మండ్ జేబులోంచి మిలిబాండ్ తొంగిచూస్తున్నట్టు పోస్టరేశారు. చూసి నవ్వుకుని ఊరుకున్నాను.

నా లెక్క: టోరీలు 280, లేబర్ 270. ఎస్‌ఎన్‌పీ బయటినుంచి భుజం కాస్తుంది, మిలిబాండ్ ప్రధాని. నువ్వన్నట్టు "ఉన్నవాడే ఉంటాడు" కాదు. గోంగూర పచ్చడి పందెం!

8 మే, శుక్రవారం

పోస్టు చెయ్యకపోవడం మంచిదైంది. చింపేద్దామనుకున్నా గానీ, నా పరువు పోయిన తీరు నువ్వు చదవాలి.

నిన్న నేనూ ఓటేశాను. కామన్వెల్తు దేశాలవాళ్ళం కాబట్టి మన దేశం పాస్‌పోర్టే ఉన్నా ఇక్కడ వెయ్యొచ్చు. ఎవరూ కార్డు అడగలేదు, వేలికి సిరా పుయ్యలేదు. తాడు కట్టిన పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టి రావడమే. పోయినేడు సరిగ్గా మే 7నే మీరంతా ఓట్లేసి, 16 దాకా గోళ్ళు కొరుక్కున్నారు కదా. ఇక్కడ రాత్రి పదికి పోలింగ్ ముగియగానే పెట్టెలు తిన్నగా లెక్కకే.

పది కొట్టగానే ఎగ్జిట్ పోల్: టోరీలు 316, లేబర్ 239. 2004లో మన చానెళ్ళ జోస్యాలు తలకిందులవడం చూసినవాణ్ణి, నమ్ముతానా? కామెరాన్‌తో కలిసి పాలించిన లిబరల్ డెమొక్రాట్ల పెద్దాయన పాడీ ఆష్‌డౌన్ టీవీలోనే, ఇది నిజమైతే నా టోపీ నేనే తింటానన్నాడు. నేనూ ఆయన పక్షమే. టీ పెట్టుకొచ్చి కూర్చున్నా.

రాత్రి రెండు కావస్తుండగా ఇంగ్లండులోని నన్‌ఈటన్ ఫలితం వచ్చింది. పోయినసారి టోరీలు 2,069 ఓట్ల తేడాతో గెలిచిన సీటు, లేబర్ గెలిచి తీరాల్సినది. మెజారిటీ 4,882కి పెరిగింది, టోరీలకే! టీ చల్లారిపోయిందిరా. తెల్లారేసరికి లేబర్ ఆర్థిక పెద్ద ఎడ్ బాల్స్ 422 ఓట్లతో పడిపోయాడు. లిబరల్ డెమొక్రాట్లు 57 నుంచి 8కి. చివరికి టోరీలు 331, ఎగ్జిట్ పోల్ చెప్పినదానికంటే కూడా ఎక్కువ. ఎస్‌ఎన్‌పీ 56. నా లెక్కలో సరిపోయింది స్కాట్లండొక్కటే.

ఎక్కడ తప్పానంటావా? పక్కింటి ముసలావిడని నెల రోజులు అడిగాను. "చూడాలి నాయనా" అన్నట్టు నవ్వేది. ఇవాళ పొద్దున చెత్తడబ్బా దగ్గర తనే చెప్పింది, స్కాట్లండువాళ్ళు మన నెత్తినెక్కుతారేమోనని భయపడి టోరీలకే వేశానని. ఆ జేబు పోస్టరు నాకు నవ్వులాట, ఆవిడకి కాదు. నేను కూడినవన్నీ నోరున్నవాళ్ళ ఓట్లే. 1992లోనూ సర్వేలన్నీ నువ్వా నేనా అంటే, టోరీ ప్రధాని జాన్ మేజర్ ఏడు శాతం పైగా తేడాతో కొట్టాడు. ఇదంతా తెలిసే పందెం కాశాను చూడు.

గోంగూర మా పేటలో దొరకదు గానీ, ఊరొచ్చినప్పుడు మార్కెట్లో కొనిస్తాను, పచ్చడి అమ్మచేత పట్టించుకో. ఈలోగా నా సీసా ఖాళీ అయింది, ఓడినవాడికి పంపుతుందేమో కనుక్కో.

నీ
రాంబాబు