తీరం దాటే వేళ కాదు, నిచ్చెన దించే వేళ అచ్చు వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

అక్టోబరు నుంచి డిసెంబరు లోపు బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే మన పత్రికల మొదటి పేజీలో ఒక పటం, దాని మీద ఒక బాణం గుర్తు, "ఫలానా రాత్రి ఫలానా చోట తీరం దాటే అవకాశం" అన్న శీర్షిక కనబడతాయి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ కొబ్బరిని నేలమట్టం చేసిన తుపానును చూసిన ప్రాంతం ఇది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా కూడా నర్సాపురం పరిసరాల్లోనే ఒడ్డెక్కింది. ఇక్కడి వాళ్లకు తుపానంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఇల్లు సర్దుకోవడానికి ఎన్ని గంటలు మిగిలాయో చెబితే చాలు. ఆ లెక్క మాత్రం పత్రికలో దొరకడం లేదు.

తీరం దాటే వేళను గడువు అనుకుంటే సగం పనిలోనే చిక్కుబడిపోతాం. గాలి గంటకు 50 కిలోమీటర్లు అందుకున్నాక ఏ మనిషీ నిచ్చెన మీదా, కప్పు మీదా, చెట్టు మీదా ఉండకూడదు. ఆ గాలి కేంద్రం ఒడ్డుకు రావడానికి పన్నెండు గంటల ముందే, ఒక్కోసారి ఇంకా ముందే మొదలవుతుంది. వాతావరణ శాఖ తన హెచ్చరికలను లెక్కగట్టేది కూడా ఇలాగే. తీరంలో ప్రతికూల వాతావరణం మొదలవడానికి కనీసం 48 గంటల ముందు ఒకటి, 24 గంటల ముందు ఇంకొకటి ఇస్తుంది. తీరం దాటే వేళ నుంచి వెనక్కి లెక్కపెట్టదు. ఈదురుగాలులు ఏ పూట 45-55 కిలోమీటర్లతో మొదలై ఏ పూటకు ఎంతవుతాయో బులెటిన్‌లో ఒక వరుస ఉంటుంది. మీ విలేకరులు ఆ వరుసను వదిలేసి, తీరం దాటే వేళ ఉన్న కింది వరుసను శీర్షిక చేస్తున్నారు. దయచేసి పై వరుసను పెద్ద అక్షరాల్లో వేయండి.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. గంటకు 50 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 12 కిలోల ఒత్తిడి పెడితే, 100 కిలోమీటర్ల గాలి 47 కిలోలు పెడుతుంది. మూడు మీటర్ల పొడవు, మీటరు వెడల్పున్న ఇనప రేకును అది 140 కిలోల బలంతో పైకి లాగగలదు. ఆ రేకు సొంత బరువు పాతిక కిలోలు కూడా ఉండదు. చూరు అంచుల్లో, మూలల్లో, కొప్పు దగ్గర లాగుడు ఇంకా ఎక్కువ. అందుకే ముందుగా లేచిపోయేవి ఎప్పుడూ అవే.

పని ఎత్తు నుంచి కిందికి, బయట నుంచి లోపలికి రావాలి. మొదటి వంతు కొబ్బరి చెట్లది. ఇంటి మీదికీ, పశువుల పాక మీదికీ, కరెంటు తీగల మీదికీ వాలిన చెట్లకు ముదురు గెలలు, ఎండు మట్టలు, వేలాడే కింది మట్టలు తీయించాలి. హెచ్చరిక వచ్చిన మర్నాడు చెట్టెక్కి కాయలు దింపే దింపు కార్మికుడు దొరకడు, ఊరంతా ఒకేసారి పిలుస్తుంది. కాబట్టి ఈ పనికి హెచ్చరిక కోసం చూడకుండా దసరా వెళ్లగానే దింపు తీయించేయడం మేలు. తీసిన కాయల్ని, కొబ్బరి డొక్కల్ని (పీచు తొక్కల్ని) పెరట్లో రాశి పోసి వదలకూడదు. నీళ్లొస్తే అవే తేలి వెళ్లి తూములకు అడ్డం పడతాయి.

తాటాకిల్లు ఉన్నవాళ్లు ఊళ్లో మిగలకపోవడమే సరి. కానీ ఇంటిని కట్టి వెళ్లొచ్చు. కప్పంతా పాత చేపల వల పరిచి, దాని మీదుగా నాలుగైదు అడుగులకొక తాడు చొప్పున ఇటు నుంచి అటు వేయాలి. తాడు కొసల్ని చూరు వాసాలకు ముడేస్తే లాభం లేదు, వాసం తాడుతో సహా లేచిపోతుంది. నాలుగడుగుల సరుగుడు గుంజల్ని కనీసం రెండున్నర అడుగులు దిగేలా, తల ఇంటికి ఎడంగా వాలేలా పాతి వాటికి కట్టాలి. నేల పొడిగా ఉన్నప్పుడే పాతి చుట్టూ దిమ్మిస చేయాలి. నానిన ఒండ్రులో పాతిన గుంజ చేత్తో లాగినా వచ్చేస్తుంది.

పెంకుటింటికి చూరు వెంట మొదటి రెండు వరుసల మీద, రెండు పక్క అంచుల మీద వెదురు బద్ద పరిచి జీఐ తీగతో కింది వాసానికి బిగించాలి. కొప్పు పెంకుల కింద సున్నమో సిమెంటో పగిలి ఉంటే అది ముందే అతికించాల్సిన పని. తుపాను ముందురోజు వేసిన సిమెంటు పచ్చిగానే ఉండిపోతుంది.

రేకుల ఇళ్లలోనే ఎక్కువ తప్పులు జరుగుతున్నాయి. రేకుల మీద ఇటుకలు, రాళ్లు పెడుతున్నారు. రేకు కదిలితే ఆ ఇటుక ఎదురింటి కిటికీలో ఉంటుంది. బరువు పెట్టాలనుకుంటే బియ్యం సంచులు రెండింటిలో చెరో పాతిక కిలోల ఇసుక పోసి, మూతులు కుట్టి, రెండింటినీ ఒకే తాడుతో కలిపి కొప్పుకు చెరో పక్క వేలాడేలా వేయాలి. దానికంటే ముందు రేకును కింది దూలానికి పట్టి ఉంచే జె హుక్కులు చూడాలి. నట్టు వదులైందా, తారు వాషరు పగిలిందా, హుక్కు తుప్పుపట్టి సన్నబడిందా అని ఒక్కొక్కటీ చేత్తో తిప్పి చూడాలి. చూరు వరుసలోనూ అంచుల్లోనూ హుక్కులు దగ్గర దగ్గరగా ఉండాలి, నడిమధ్య కాస్త ఎడమున్నా ఫరవాలేదు. సిమెంటు రేకుకు నట్టు వాషరు ఆనేదాకా తిప్పి, ఆపైన అర చుట్టుతో ఆపాలి. బలంకొద్దీ బిగిస్తే రంధ్రం దగ్గర చీలిక వస్తుంది, గాలి అక్కణ్ణుంచే చింపుతుంది. సిమెంటు రేకు మీద నేరుగా కాలు పెట్టకూడదు, పలక వేసి దాని మీద నడవాలి.

వరండా రేకులు అసలు కప్పుతో కలిసిపోయి ఉంటే అది ప్రమాదం. వరండా కింద ఖాళీ కాబట్టి గాలి కింది నుంచి ఎత్తుతుంది, పైనుంచి లాగుతుంది. లేచేటప్పుడు ఇంటి కప్పును కూడా పట్టుకుపోతుంది. విప్పి దించి, గోడవారన కట్టేయగలిగితే అంతకు మించింది లేదు.

డాబా ఉన్నవాళ్లు మాకేమిటిలే అనుకుంటారు. డాబా మీద మొదట చూడాల్సింది ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు. నిండా ఉన్న 500 లీటర్ల ట్యాంకు అర టన్ను బరువు, కదలదు. ఖాళీదైతే గాలికి పిట్టగోడ దాటిపోతుంది. కాబట్టి కరెంటు ఉండగానే నింపాలి. గాలి పెరిగాక ప్రమాదం లేకుండా సరఫరా ఆపేస్తారు, అప్పుడు మోటారు తిరగదు. నింపాక ట్యాంకు కిందున్న వాల్వు కట్టేయాలి. లేకపోతే కింద ఏదో గొట్టం విరిగి రాత్రికి రాత్రే ట్యాంకు ఖాళీ అవుతుంది. మూత తాడుతో కట్టాలి. రెండోది తూములు. ఆకులు, పాత చెప్పులు, సిమెంటు పెళ్లలు తీసేసి బకెట్టు నీళ్లు పోసి చూడాలి. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద నాలుగంగుళాల నీరు నిలిస్తే స్లాబు మీద అదనంగా తొమ్మిది టన్నుల పైచిలుకు బరువు పడ్డట్టే. డిష్ యాంటెన్నా, పూలకుండీలు, మిగిలిపోయిన రేకు ముక్కలు, పండక్కి కట్టిన ఫ్లెక్సీ అన్నీ కిందికి దింపాలి.

తలుపులూ కిటికీల విషయంలో ఒక పాత నమ్మకం ఇంకా పోలేదు. అన్నీ తెరిచి ఉంచితే గాలి ఇటొచ్చి అటు పోతుందంటారు. అది తప్పు. లోపలికి చేరిన గాలి కప్పును కింది నుంచి ఎత్తుతుంది. అన్నీ మూయాలి. రెండు రెక్కల వీధి తలుపుకు మధ్య గడియ ఒక్కటే చాలదు, లోపల అడ్డంగా ఒక సరుగుడు వాసం బిగించాలి. అద్దాల మీద టేపు అంటించడం వల్ల అద్దం గట్టిపడదు. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కను బయటివైపు మరలతో బిగించడమే మార్గం. అది లేకపోతే కర్టెన్లు వేసి ఆ గదిలో పడుకోకూడదు.

గాలి దిక్కును కూడా గమనించాలి. కేంద్రం మనకు దూరంగా ఉన్నప్పుడు గాలి ఉత్తరం, ఈశాన్యం నుంచి వస్తుంది. అది తూర్పుకు, ఆగ్నేయానికి తిరుగుతుంటే కేంద్రం మనకు దక్షిణంగా పోతోందని, సముద్రాన్ని మన మీదికే తోస్తోందని అర్థం. వాయవ్యానికి, పడమరకు తిరుగుతుంటే కేంద్రం మనకు ఉత్తరంగా పోతున్నట్టు. ఏ తిరుగుడూ లేకుండా గాలి పెరిగి పెరిగి ఒక్కసారిగా ఆగిపోతే తుపాను కన్ను మన నెత్తి మీద ఉన్నట్టు. కప్పు చూసొద్దామని బయటికి వెళ్లేది అప్పుడే, ప్రాణాలు పోయేదీ అప్పుడే. కాసేపట్లో దక్షిణం నుంచి అంతే గాలి తిరగబడుతుంది. అందుకే కప్పును ఎప్పుడూ రెండు వైపులా కట్టాలి.

తాగే నీళ్లు మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున ఐదు రోజులకు ఇరవై లీటర్లు, అంటే తలా ఒక టిన్ను. కరెంటు లేకపోతే మంచినీళ్ల ప్లాంటు నడవదు, సముద్రం దాపు మండలాల్లో చేతిపంపు నీళ్లు ఉప్పన. అటుకులు, మరమరాలు, బెల్లం, వేరుశనగలు పొయ్యి అక్కర్లేనివి. ఎండు డొక్కలు అటక మీద ఉంచుకుంటే మూడో రోజున అన్నం వండుకోవచ్చు. బీపీ, షుగరు మాత్రలు పది రోజులకు సరిపడా ఉండాలి. ఇన్సులిన్‌ను పొడి డబ్బాలో పెట్టి కుండ నీళ్లలో తేల్చి ఉంచాలి, ఐసుకు నేరుగా తాకనివ్వకూడదు. డయాలసిస్ చేయించుకునేవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు గాలి రాకముందే ఆసుపత్రి ఉన్న ఊరికి చేరాలి. చెట్టు పడి దారి మూసుకుపోయాక 108 కూడా రావడం కుదరదు. ఆధార్, పాసు పుస్తకం, బియ్యం కార్డు జిప్ కవరులో పెట్టి, ఫొటోలు వేరే ఊళ్లో ఉన్న బంధువు ఫోనుకు పంపాలి. ఇల్లు, పశువులు, చేను కూడా ఫొటోలు తీసుకుంటే నష్టం లెక్కించేటప్పుడు పనికొస్తాయి.

ఇంట్లోకి నీరు వచ్చే చోట మెయిన్ స్విచ్ ముందే ఆపాలి. ఇన్వర్టరు బ్యాటరీని మంచమెత్తు పైకి చేర్చాలి. గ్యాస్ సిలిండరు రెగ్యులేటరు తీసి, మూత పెట్టి, స్తంభానికి కట్టాలి. నిండు సిలిండరైనా నీటిలో తేలుతుంది. జనరేటరు వరండాలో కూడా పెట్టకండి, దాని పొగలోని విషవాయువుకు వాసన ఉండదు. తెగిన తీగ కనబడితే 1912కు, సాయం కావాలంటే 1070కి లేదా 112కి ఫోను చేయాలి.

పశువుల్ని పాకలో కట్టేసి వెళ్లకూడదు. పలుపు విప్పి గట్టు మీదికి తోలాలి. కట్టేసిన గేదె మునిగి చస్తుంది, విడిచిన గేదె ఈదుతుంది.

తుపాను వెళ్లాక నుయ్యి మునిగి ఉంటే నీళ్లన్నీ తోడేసి, ఊట వచ్చాక బ్లీచింగ్ వేయాలి. వెయ్యి లీటర్లకు తాజా పొడి రెండున్నర గ్రాములు. నాలుగడుగుల వరలు, పదడుగుల నీరు ఉన్న నూతికి సుమారు తొమ్మిది గ్రాములు. బకెట్టులో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రం నూతిలో పోసి, చేదతో నాలుగుసార్లు కలియదిప్పి, గంట ఆగాలి. క్లోరిన్ వాసన తగలకపోతే మళ్లీ అంతే వేయాలి. తాగే నీళ్లు మాత్రం కొన్నాళ్లపాటు మరగకాచినవే.

ఇక గోదావరి పాయల మధ్య లంకల్లో ఉండేవాళ్ల మాట. వాళ్లకు గడువు ఇంకా ముందు. గాలి లేవగానే మనుషుల్ని, బళ్లను ఏరు దాటించే పంటు ఆపేస్తారు, ఆ తర్వాత రేవు దాటే దారి ఉండదు. సముద్రపు పోటు వేళ కూడా వాళ్లకూ, అంతర్వేది నుంచి భైరవపాలెం దాకా ఒడ్డు గ్రామాలకూ ప్రాణావసరం. కేంద్రం ఒడ్డెక్కే వేళా, పోటు వేళా ఒకటైతే ఉప్పెన ఎత్తు పెరుగుతుంది. అమావాస్యకో పౌర్ణమికో దగ్గరైతే ఇంకొంత. ఆ సమయంలో మురుగు కాలవలు సముద్రంలోకి దిగవు, వెనక్కి తన్నుతాయి. ఒడ్డుకు మైళ్ల దూరంలో ఉన్న చేలలో నీరు నిలిచేది అందుకే. పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, మర్నాటికి దాదాపు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఓడరేవుల్లో ఏడాది పొడుగునా పట్టిక ఉంటుంది. తుపాను హెచ్చరిక ఉన్న రోజుల్లో జిల్లా పేజీలో కాకినాడ పోటు వేళలు, గాలి 50 కిలోమీటర్లు అందుకునే పూట, పంటు ఆగే వేళ, ఈ మూడింటిని ఒక చిన్న పెట్టెలో అచ్చు వేయగలరా?

ఇట్లు,
ఒక పాఠకుడు,
మలికిపురం