పులసకు దగ్గరి చుట్టం ఎవరు? పదో తరగతిలోనే చెప్పనివ్వండి

రాష్ట్ర పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. కోనసీమలో బయాలజీ చెప్పే మాస్టారిని. ఏటా పదో తరగతి పిల్లల్ని ఒకటి అడుగుతాను: పులసకు దగ్గరి చుట్టం రొయ్యా, మనిషా? క్లాసంతా రొయ్యే అంటుంది. చేపల్నీ రొయ్యల్నీ ఒకే సంతలో చూసి పెరిగిన పిల్లలు మరి.

జవాబు మనిషే. వెన్నెముక, పుర్రె, దవడలు పులసకూ ఉన్నాయి, మనకూ ఉన్నాయి. మన ఇద్దరి ఉమ్మడి పూర్వీకుడు 40 కోట్ల ఏళ్ళకు ముందే సముద్రంలో ఈదింది. జీవుల వంశవృక్షంలో రొయ్యల కొమ్మ అంతకు చాలా ముందే చీలిపోయింది. రొయ్యకు చుట్టాలు ఈగ, చీమ, బొద్దింక. అమావాస్యకీ పౌర్ణమికీ రొయ్య గుల్ల విడుస్తుందని మేత తగ్గించే రైతు బిడ్డకు, బొద్దింక కూడా పెంకు విడిచి తెల్లగా బయటికి రావడం చూపిస్తే చాలు, మిగతా చెట్టు వాడే గీసేస్తాడు.

ఆ చెట్టే పుస్తకంలోంచి పోయింది. భారం తగ్గిస్తున్నామంటూ, కేంద్రం తరఫున పాఠ్యపుస్తకాలు వేసే ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి ‘అనువంశికత, పరిణామం’ పాఠంలో పరిణామాన్ని, అంటే జీవులు తరతరాలుగా మారుతూ కొత్త జాతులుగా చీలిన కథను, తీసేసింది. 2023లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు వద్దని లేఖ రాసినా లాభం లేకపోయింది. మన పుస్తకాలదీ ఇప్పుడు అదే దారి. ఇంటర్‌లో ఉంది కదా అంటారు. ఉంది, బైపీసీ వాళ్ళకి. ఎంపీసీకి ఎగబడే పిల్లలకు ఇక ‘కోతి నుంచి మనిషి పుట్టాడట’ అన్న ఎకసెక్కమే మిగులుతుంది. కోతి మనకు తాత కాదండీ, దాయాది. ఈ ముక్క చెప్పడానికి ఒక్క పీరియడ్ బరువైందా?

కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవికి పిల్లల్ని తీసుకెళ్ళి చెక్క వంతెన మీద ఫొటోలు దిగి వచ్చేస్తున్నాం. అక్కడ ఉప్పునీటికి అలవాటుపడిన తెల్లమడ, తిల్ల చెట్లు పక్కపక్కనే ఉంటాయి. చూస్తే అన్నదమ్ములే అనుకుంటాం. కానీ తెల్లమడది కడియం నర్సరీల్లో పెంచే కనకాంబరం కుటుంబం, తిల్లది చేనుగట్టు ఆముదం కుటుంబం. ఒకే బురదలో బతకాల్సొచ్చి వేర్వేరు వంశాలు ఒకే తీరుకు వచ్చాయి. పోలిక చూసి చుట్టరికం కలపకూడదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ప్రయోగశాల ఎక్కడుంది?

అన్నట్టు, పరిణామానికి లెక్కలు కట్టిన శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు. తన దేహాన్ని మన పక్కనున్న కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకే రాసిచ్చారు. అలాంటాయన శాస్త్రానికి మన పదో తరగతి పుస్తకంలో చోటు లేదు.

ఎన్‌సీఈఆర్‌టీని మార్చడం మీ చేతిలో లేకపోవచ్చు. మన రాష్ట్ర పాఠ్యపుస్తకాలు చూసే ఎస్‌సీఈఆర్‌టీ చేత నాలుగు పేజీల అనుబంధ పాఠం వేయించడం మీ చేతిలో పనే. మన చెరువులు, మన మడ చెట్లే అందులో బొమ్మలుగా ఉండాలి. పబ్లిక్ పరీక్షలో దాని మీద ఒక్క ప్రశ్నయినా పెట్టించండి. మార్కులు లేని పాఠం ఏ స్కూల్లోనూ చెప్పరని మీకు నేను చెప్పాలా?

ఇట్లు,
ఒక బయాలజీ మాస్టారు,
కోనసీమ